గోవిందరాజుల కుంచం, బాండ్ ఈటీఎఫ్‌ల కొలత

తిరుపతి గోవిందరాజస్వామి గుడికి వెళ్లినప్పుడల్లా మా అమ్మమ్మ స్వామి తలగడ వైపు చూపించి, అది దిండు కాదు, కుంచం అనేది. తమ్ముడి పెళ్లికి కుబేరుడు ఇచ్చిన అప్పుకు వడ్డీ కాసులు కొలిచి కొలిచి అలసిపోయిన అన్నగారు ఆ కుంచాన్నే తల కింద పెట్టుకుని పడుకున్నాడని ఈ ఊరి కథ. నారాయణవనంలో ఆకాశరాజు కూతురితో జరిగిన ఆ పెళ్లికి చేసిన అప్పులో షరతు స్పష్టంగా ఉంది. ఏటేటా వడ్డీ చెల్లించాలి, అసలు మాత్రం కలియుగం చివర ఒకేసారి తీర్చాలి. ఆర్థిక పాఠ్యపుస్తకం బాండుకు చెప్పే నిర్వచనం కూడా ఇంతే. గడువు వరకు వడ్డీ, గడువు నాడు అసలు.

వడ్డీకాసులవాడి ఊరిలో పుట్టిన మాకు వడ్డీ లెక్కలు కొత్త కాదు. నూటికి రూపాయి, ముప్పావలా, అర్ధ రూపాయి అనే మాటలు బడికి వెళ్లకముందే చెవిన పడతాయి. అయినా బాండ్ ఈటీఎఫ్‌ల దగ్గరకు, అంటే బాండ్లను మూటగట్టి షేర్లలా ఎక్స్ఛేంజిలో యూనిట్లుగా అమ్మే ఫండ్ల దగ్గరకు వచ్చేసరికి లెక్కలో ఆరితేరినవాళ్లు కూడా తప్పు కుంచం పట్టుకుంటున్నారు. కిందటి ఏడాది ఏది ఎంత పెరిగిందో చూసి, ఎక్కువ పెరిగినదాన్ని కొంటున్నారు. ఈ పద్ధతి ఎందుకు చెడగొడుతుందో, దాని బదులు ఏం చూడాలో చెప్పడానికే ఈ వ్యాసం.

బైరాగిపట్టెడలో ఉండే మా బావగారు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. 2021 జనవరిలో అయిదు లక్షల రూపాయలను ఎనిమిది నుంచి పదమూడేళ్ల గడువున్న కేంద్ర ప్రభుత్వ బాండ్లు కొనే ఒక గిల్ట్ ఈటీఎఫ్‌లో పెట్టారు. ఆయన ఆలోచనలో తర్కం లేకపోలేదు. అప్పు తీసుకున్నది కేంద్ర ప్రభుత్వం, ఎగవేత భయం లేదు. అంతకు ముందు రెండేళ్లలో ఆ రకం ఈటీఎఫ్‌లు బ్యాంకు డిపాజిట్ కంటే బాగా ఎక్కువ ఇచ్చాయి. పెద్ద బ్యాంకులేమో ఏడాది డిపాజిట్‌కు 5 శాతం దగ్గర ఇస్తున్నాయి. 2022 జూన్‌లో కూతురి పెళ్లి కుదిరింది. యూనిట్లు అమ్మితే పెట్టినదానికి సుమారు పది వేలు తక్కువగా చేతికొచ్చింది. ప్రభుత్వం ఒక్క పైసా ఎగవేయలేదు, ఏ కంపెనీ మునగలేదు. మరి ఆ డబ్బు ఎక్కడికి పోయింది?

జవాబు ప్రోనోటులో ఉంది. నూటికి నెలకు అర్ధ రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 6 శాతానికి, మీరు ఒకరికి లక్ష అప్పిచ్చారనుకోండి. వడ్డీ ఏడాదికోసారి, గడువు ఇంకా రెండేళ్లు. ఇంతలో మీకు డబ్బు అవసరపడింది. ఆ నోటును ఇంకొకరికి బదిలీ చేసి డబ్బు తీసుకుందామని చూస్తే, ఊళ్లో వడ్డీ ముప్పావలాకు, అంటే 9 శాతానికి పెరిగి ఉంది. ముప్పావలా వచ్చే చోటు ఉండగా అర్ధ రూపాయి నోటును లక్ష పెట్టి ఎవరు కొంటారు? ధర తగ్గించమంటారు. లెక్క వేస్తే ఆ నోటు విలువ 94,700 రూపాయల దగ్గర తేలుతుంది. గడువు ఒక్క ఏడాదే మిగిలి ఉంటే 97,200 వస్తాయి. ఊళ్లో వడ్డీ అర్ధ రూపాయి కంటే తగ్గి ఉంటే ఇదే నోటుకు లక్ష పైన ధర పలుకుతుంది. అప్పు తీసుకున్నవాడు ఎంత నిజాయితీపరుడైనా ఈ లెక్క మారదు. వడ్డీ రేటు పెరిగితే పాత కాగితం ధర తగ్గుతుంది, రేటు తగ్గితే ధర పెరుగుతుంది. గడువు ఎంత దూరంగా ఉంటే ఊపు అంత ఎక్కువ.

అసలు బాండ్లతో చూద్దాం. ఏడాదికి 7 శాతం వడ్డీ ఇచ్చే వెయ్యి రూపాయల బాండ్లు నాలుగున్నాయి. మార్కెట్లో రేటు 7 నుంచి 8 శాతానికి పెరిగితే, ఒక ఏడాదిలో గడువు తీరే బాండు 991 రూపాయలకు దిగుతుంది. అయిదేళ్లది 960, పదేళ్లది 933, ముప్పై ఏళ్లది 887. నాలుగింటినీ జారీ చేసింది ఒకే ప్రభుత్వం, నాలుగింటి మీదా వడ్డీ ఒకటే, అయినా నష్టం 9 రూపాయల నుంచి 113 రూపాయల దాకా ఉంది. రేటు 6 శాతానికి తగ్గితే పదేళ్ల బాండు 1,074కు ఎక్కుతుంది.

ఈ ఊపును ఒక్క అంకెలో చెప్పేదాన్ని డ్యూరేషన్ అంటారు. ఫండ్ కంపెనీలు ప్రతి నెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో ఈ అంకె ఉంటుంది. అందులో మోడిఫైడ్ డ్యూరేషన్ 7 అని ఉంటే, రేటు ఒక శాతం పెరిగినప్పుడు యూనిట్ ధర దాదాపు 7 శాతం తగ్గుతుందని, ఒక శాతం తగ్గినప్పుడు దాదాపు 7 శాతం పెరుగుతుందని చదువుకోవాలి. రెండు బాండ్ ఈటీఎఫ్‌లను పక్కపక్కన పెట్టేటప్పుడు నేను మొదట వెతికే అంకె ఇదే. 1.5 డ్యూరేషన్ ఉన్నదాన్నీ 7 డ్యూరేషన్ ఉన్నదాన్నీ ఒకే వరుసలో నిలబెట్టి రాబడి చూడడమంటే, అలిపిరి మెట్ల మీద నడిచేవాడినీ ఘాట్ రోడ్డు బస్సులో ఎక్కేవాడినీ ఎవరు ముందు కొండ చేరారని పోల్చడం.

ఇక బావగారి డబ్బు సంగతి. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే అది బ్యాంకులకు అప్పిచ్చే రేటు, 2019 జనవరిలో 6.5 శాతం. అక్కడి నుంచి విడతలు విడతలుగా దిగి 2020 మేలో 4 శాతానికి చేరింది. రేట్లు దిగుతున్నంత కాలం దీర్ఘకాలిక బాండ్ల ధరలు పెరుగుతూ వచ్చాయి. ఆయన చూసి ముచ్చటపడిన రాబడిలో చాలా భాగం ఆ దిగుడు నుంచి వచ్చిందే. 2022 మే నుంచి రెపో మళ్లీ పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి 6.5 శాతాన్ని తిరిగి అందుకుంది. బాండు మార్కెట్ అంతవరకు ఆగలేదు. 2021 మొదట్లో 6 శాతం దగ్గర ఉన్న పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి, అంటే దాని మార్కెట్ రేటు, 2022 జూన్ నాటికే 7.5 శాతం దాటింది. ఒకటిన్నర శాతం పెరుగుదలను డ్యూరేషన్‌తో గుణిస్తే పది శాతం దగ్గర కోత తేలుతుంది. ఏడాదిన్నర వడ్డీ దాన్ని పూర్తిగా పూడ్చలేకపోయింది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో మూడు విడతల్లో 5.5కు తగ్గినప్పుడు ఇవే ఈటీఎఫ్‌లు మళ్లీ మంచి రాబడి చూపాయి. ఆ పట్టికలు చూసి కొత్తవాళ్లు మళ్లీ కొన్నారు.

అందుకే బాండ్ ఈటీఎఫ్ విషయంలో గడిచిన రాబడిని నేను దాదాపు పక్కన పెట్టేస్తాను. అది ఎక్కువగా ఉందంటే చాలాసార్లు అర్థం, రేట్లు ఇప్పటికే తగ్గాయని, ఇకపై వచ్చే వడ్డీ తక్కువని. చూడవలసింది మెచ్యూరిటీ వరకు ఉంటే వచ్చే రాబడి. ఫ్యాక్ట్‌షీట్‌లో దీన్ని వైటీఎం అంటారు. ఫండ్ చేతిలో ఉన్న బాండ్లన్నింటినీ ఈ రోజు ధరకు కొని గడువు దాకా ఉంచితే ఏడాదికి ఎంత శాతం గిట్టుబాటవుతుందో ఆ అంకె చెబుతుంది. అందులోంచి ఖర్చుల నిష్పత్తి, అంటే ఫండ్ సంస్థ ఏటా తీసుకునే శాతం, తీసేస్తే మిగిలేదే మీరు ఆశించదగిన మొత్తం.

ఈటీఎఫ్‌ల పేర్లు పొడవుగా, గజిబిజిగా ఉంటాయి కాబట్టి లోపల ఏముందో తెలుసుకోవడం అవసరం. మన మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు స్వభావాలవి.

ఒకటి రాత్రికి రాత్రి అప్పిచ్చే రకం. ప్రభుత్వ సెక్యూరిటీల తాకట్టు మీద ఒక్క రోజుకు అప్పిచ్చి మరుసటి పని దినాన వెనక్కి తీసుకుంటాయి. దేశంలో ఈ రకానికి ఆద్యం 2003లో వచ్చిన లిక్విడ్ బీస్. గడువు ఒక్క రోజే కాబట్టి ధర ఊపు దాదాపు లేదు. షేర్లు అమ్మిన డబ్బును మళ్లీ కొనేదాకా నిలిపి ఉంచుకునేవారికి పనికొస్తాయి. వీటిలో ఒక తేడా తెలుసుకోవాలి. కొన్ని యూనిట్ ధరను వెయ్యి దగ్గరే నిలిపి, వడ్డీని చిన్న చిన్న యూనిట్ ముక్కలుగా ఖాతాలో వేస్తాయి. ఆ ముక్కలు ఒక పూర్తి యూనిట్ అయ్యేదాకా ఎక్స్ఛేంజిలో అమ్మలేరు, పైగా అది డివిడెండుగా లెక్కకొచ్చి ఏ ఏడాదికి ఆ ఏడాది పన్ను పడుతుంది. మిగతావి వడ్డీని ధరలోనే కలిపేస్తాయి. ఇంట్లో లెక్కలు చూసుకునేవారికి రెండో పద్ధతే హాయి. ఈ రకంలో ఖర్చుల నిష్పత్తిని గట్టిగా చూడాలి. వచ్చేదే అయిదారు శాతమైనప్పుడు 0.2 శాతం తీసుకునే ఫండుకూ 0.6 శాతం తీసుకునే ఫండుకూ మధ్య తేడా మీ వడ్డీలో పదిహేనో వంతుకు దగ్గరగా ఉంటుంది.

రెండోది గడువు ఎప్పటికీ తీరని రకం. అయిదేళ్ల బెంచ్‌మార్క్ బాండు, పదేళ్ల గిల్ట్, ఎనిమిది నుంచి పదమూడేళ్ల గిల్ట్ అని పేర్లలో కనిపించేవి ఇవి. లోపలి బాండు వయసు పెరిగి గడువు దగ్గరపడితే దాన్ని అమ్మి మళ్లీ దూరపు గడువు బాండును కొంటాయి. అంటే మీరు అయిదేళ్లు ఓపికపట్టినా, పదేళ్లు పట్టినా ఫండు డ్యూరేషన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బావగారు కొన్నది దీన్నే. పెళ్లికి ఒక తేదీ ఉంది, ఈటీఎఫ్‌కు తేదీ లేదు. ఆయన నష్టానికి మూలం ఆ ఒక్క పొంతన లేకపోవడమే.

మూడోది గడువు తేదీని పేరులోనే మోసే రకం, టార్గెట్ మెచ్యూరిటీ ఈటీఎఫ్. 2019 డిసెంబరులో ఎడెల్‌వైస్ మ్యూచువల్ ఫండ్ నిర్వహణలో వచ్చిన భారత్ బాండ్ ఈటీఎఫ్‌తో ఇది మన దేశంలో ఇంటింటికీ తెలిసింది. ట్రిపుల్ ఏ, అంటే అత్యున్నత రేటింగ్ ఉన్న ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లను మాత్రమే కొనడం దాని నియమం. మొదటి విడతలో 2023 ఏప్రిల్, 2030 ఏప్రిల్ గడువులతో రెండు వచ్చాయి. తర్వాత 2025, 2031, 2032, 2033 గడువులవి చేరాయి. 2023, 2025 గడువులవి తీరిపోయి మదుపరుల ఖాతాల్లో డబ్బు పడింది కూడా. ఖర్చు విషయంలో ఇది అరుదైన ఉదాహరణ. ఆరంభంలో ప్రకటించిన నిష్పత్తి 0.0005 శాతం, అంటే లక్షకు ఏడాదికి యాభై పైసలు.

నేను ఈ మూడో రకం మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఇళ్ల అవసరాలకు సరిగ్గా అమిరేది ఇదే. గడువు దగ్గరపడే కొద్దీ దీని డ్యూరేషన్ దానంతట అదే తగ్గుతుంది. ఏడేళ్ల దూరంలో ఉన్నప్పుడు ఊగిసలాడిన ధర, చివరి ఏడాదికి వచ్చేసరికి బ్యాంకు డిపాజిట్ అంత నెమ్మదిస్తుంది. మధ్యలో రేట్లు పెరిగి ధర పడినా, బాండ్లు గడువు నాడు ముఖవిలువకే చెల్లుతాయి కాబట్టి ఆ గుంట పూడుతుంది. కొన్న రోజు వైటీఎం ఎంత ఉందో, గడువు దాకా ఉంచినవారికి ఏటా సుమారు అంత దక్కుతుంది. సుమారు అనడానికి కారణాలున్నాయి. మధ్యలో వచ్చే వడ్డీని ఫండు అప్పటి రేటుకు మళ్లీ పెట్టాలి. ఖర్చులుంటాయి. ఫండు అనుసరించే బాండ్ల జాబితాలో, అంటే సూచీలో, ఉన్న ప్రతి బాండూ కావలసినంత దొరకదు. డిపాజిట్ రసీదు మీద అచ్చువేసిన హామీ లాంటిది ఇక్కడ లేదని గుర్తుంచుకోవాలి.

ఇదే రకంలో రాష్ట్ర ప్రభుత్వాల అప్పు పత్రాలు, అంటే ఎస్‌డీఎల్‌లు కొనేవీ ఉన్నాయి. వీటి రాబడి సాధారణంగా అదే గడువు కేంద్ర బాండు కంటే కొద్దిగా ఎక్కువ. వడ్డీ, అసలు చెల్లింపులను రిజర్వ్ బ్యాంకు నిర్వహిస్తుంది. అయితే కేంద్రం వీటికి నేరుగా హామీదారు కాదు. ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లకూ అంతే, వాటా కేంద్రానిదైనంత మాత్రాన అప్పుకు కేంద్రం జామీను ఉన్నట్లు కాదు. నా మటుకు నేను ఈ రెండింటినీ భయపడవలసినవిగా చూడను. కానీ పావు శాతం ఎక్కువ ఎందుకొస్తోందో తెలిసి తీసుకోవాలి. మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ 2018లో బాకీలు ఎగవేయడానికి కొద్ది ముందు దాకా దాని పత్రాలకు కూడా అత్యున్నత రేటింగే ఉండేది. మన దగ్గర బాండ్ ఈటీఎఫ్‌లలో ఎక్కువ భాగం ప్రభుత్వ పత్రాలకు, ప్రభుత్వ రంగానికి పరిమితమై ఉండడం ఒక విధంగా మేలు.

అప్పుడు రెండు టార్గెట్ మెచ్యూరిటీ ఈటీఎఫ్‌లను ఎలా పోల్చాలి? ముందు గడువు తేదీలు మీ అవసరానికి ముందో వెనకో చూడండి. అవసరం 2031 జూన్‌లో అయితే 2031 ఏప్రిల్ సరిపోతుంది. 2032 ఏప్రిల్‌ది కాస్త ఎక్కువ వైటీఎం చూపించినా, పది నెలలు ముందే అమ్ముకోవలసి వస్తుంది. గడువులు సమానంగా ఉన్నవాటి మధ్య మాత్రమే వైటీఎం పోలిక న్యాయం. తర్వాత లోపల ఎవరి అప్పు ఉందో, ఖర్చు ఎంతో. వేర్వేరు తేదీల ఫ్యాక్ట్‌షీట్లను పోల్చకండి. రెండు నెలల తేడాలో మార్కెట్ రేటు అర శాతం కదిలిన సందర్భాలు ఉన్నాయి.

ఇంతవరకు చెప్పింది ఈటీఎఫ్ కడుపులో ఉన్న బాండ్ల గురించి. ఈటీఎఫ్ అనే సంచికి కూడా ఒక స్వభావం ఉంది. చాలామంది ఇక్కడే చేయి కాల్చుకుంటారు.

యూనిట్ నిజమైన విలువ ఎన్‌ఏవీ, అంటే లోపలి బాండ్ల విలువలో ఒక్కో యూనిట్ వాటా. మీకు ఫోను తెర మీద కనిపించేది ఎక్స్ఛేంజిలో ఎవరో కొనడానికో అమ్మడానికో చెప్పిన ధర. షేర్ల ఈటీఎఫ్‌లలో రోజంతా కొనేవారూ అమ్మేవారూ ఉంటారు కాబట్టి ఈ రెండూ దగ్గరగా నడుస్తాయి. బాండ్ ఈటీఎఫ్‌లలో చాలా వాటికి రోజుకు జరిగే వ్యాపారం చాలా పలచన. లోపలి సరుకు కూడా టోకు సరుకే. ప్రభుత్వ బాండ్ల మార్కెట్లో ప్రామాణిక లావాదేవీ పరిమాణం 5 కోట్ల రూపాయలు. ధరలు సరిగ్గా ఉండేటట్లు చూడడానికి, కొనడానికీ అమ్మడానికీ ధరలు చెబుతూ ఉండే మార్కెట్ మేకర్లను ఫండ్ సంస్థలు నియమిస్తాయి. నేరుగా ఫండ్ సంస్థ దగ్గరకే వెళ్లి యూనిట్లు మార్చుకోవాలంటే, మార్కెట్ మేకర్లు కాని మదుపరులకు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన కనీస మొత్తం 25 కోట్లు. మనలాంటి వాళ్లకు ఉన్న గుమ్మం ఎక్స్ఛేంజి ఒక్కటే.

మా బంధువు ఒకాయన గాంధీ రోడ్డులో బట్టల వ్యాపారం చేస్తారు. పండుగ సరుకుకు డబ్బు కావాలని ఉదయం మార్కెట్ తెరవగానే, ఉన్న యూనిట్లన్నీ మార్కెట్ ధరకు అమ్మేయమని ఆర్డరు పెట్టారు. ముందు రోజు ఎన్‌ఏవీ 24.60. ఆ ధరకు కొనేవారు కొద్దిమందే ఉన్నారు, వాళ్ల కోటా అయిపోగానే ఆర్డరు కింది ధరలకు జారింది. చివరి యూనిట్లు 24.10కి పోయాయి. రెండు శాతం. ఏడు శాతం వడ్డీ వచ్చే చోట అది మూడున్నర నెలల వడ్డీ, ఒక్క నిమిషంలో పోయింది. లక్షకు యాభై పైసలు ఖర్చా, వంద రూపాయలు ఖర్చా అని ఆయన ఎంతో జాగ్రత్తగా పోల్చి కొన్నారు. అమ్మిన రోజు లక్షకు రెండు వేల దాకా వదులుకున్నారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి కనిపించిన ప్రతివారికీ ఇదే చెబుతున్నాను. బాండ్ ఈటీఎఫ్ ఎప్పుడూ లిమిట్ ధర, అంటే ఇంతకు మించి కొనను, ఇంతకు తగ్గి అమ్మను అనే హద్దు పెట్టే కొనాలి, లిమిట్ ధర పెట్టే అమ్మాలి. ఆర్డరు పెట్టేముందు కొనేవారి ధరలు, అమ్మేవారి ధరలు, ఒక్కో ధర దగ్గర ఎన్ని యూనిట్లున్నాయో చూడాలి. ఫండ్ సంస్థ పగటిపూట అంచనాగా ప్రకటించే సూచనా ఎన్‌ఏవీతో సరిపోల్చాలి. డెట్ ఈటీఎఫ్‌లకు ఈ అంకెను రోజుకు కనీసం నాలుగుసార్లు ప్రకటించాలని సెబీ 2022లో నిర్దేశించింది. ప్రారంభంలో, ముగింపులో, మధ్యలో రెండుసార్లు.

కొనేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ఎన్‌ఏవీ కంటే ఒక శాతం ఎక్కువకు కొంటే, మూడేళ్ల గడువున్న ఈటీఎఫ్‌లో మీ వార్షిక రాబడి మూడోవంతు శాతం తగ్గినట్లే. వైటీఎంలో పావు శాతం తేడా కోసం వెతికి వెతికి కొన్న శ్రమంతా అక్కడ ఆవిరవుతుంది.

ఈ కారణంగా నా అభిప్రాయం ఒకటి సూటిగా చెబుతాను. అయిదారు లక్షల లోపు పెట్టే మామూలు కుటుంబానికి, అదే సూచీని అనుసరించే టార్గెట్ మెచ్యూరిటీ ఇండెక్స్ ఫండో, భారత్ బాండ్‌కు ఉన్నట్లు ఆ ఈటీఎఫ్‌నే కొనే ఫండ్ ఆఫ్ ఫండ్సో మేలు. డీమ్యాట్ ఖాతా అక్కర్లేదు. కొన్నా అమ్మినా ఎన్‌ఏవీకే జరుగుతుంది. అవతలి వైపు మనిషి ఉన్నాడా అని చూడనవసరం లేదు. ఖర్చు ఈటీఎఫ్ కంటే కాస్త ఎక్కువ కావచ్చు, ఆ తేడా ఎక్స్ఛేంజి ధరల మధ్య పోయేదాని కంటే తరచూ తక్కువే. గడువు దాకా కదపను, మధ్యలో అమ్మే పనే లేదు అనుకునేవారికి ఈటీఎఫ్ బాగుంటుంది. గడువు నాడు డబ్బు ఫండ్ సంస్థ నుంచే వస్తుంది, అమ్మకం గొడవ ఉండదు.

పన్ను సంగతి కొంచెం. 2023 మార్చి దాకా డెట్ ఫండ్లను మూడేళ్లు ఉంచితే ద్రవ్యోల్బణం సర్దుబాటు తర్వాత లాభం మీద 20 శాతమే పన్ను ఉండేది. పెద్ద ఆదాయం ఉన్నవారు వీటి వైపు మొగ్గడానికి అదొక బలమైన కారణం. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న యూనిట్లకు ఆ సౌకర్యం లేదు. ఎన్నేళ్లు ఉంచినా లాభం మీ ఆదాయంలో కలిసి, మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. రేటులో ఇప్పుడు డిపాజిట్‌కూ దీనికీ తేడా లేదు. తేడా కాలంలో ఉంది. డిపాజిట్ వడ్డీ చేతికి రాకపోయినా ఏటా లెక్కలోకి వస్తుంది, పరిమితి దాటితే బ్యాంకు టీడీఎస్ కోస్తుంది. వడ్డీని ధరలోనే కలిపే ఈటీఎఫ్ గ్రోత్ యూనిట్ల మీద అమ్మిన ఏడాదే పన్ను. ఇంకా నాలుగేళ్లలో రిటైరై తక్కువ శ్లాబులోకి వచ్చే ఉద్యోగికి ఇది నిజమైన ప్రయోజనం. షేర్లలో వచ్చిన స్వల్పకాలిక నష్టాన్ని ఈ లాభంతో సర్దుబాటు చేసుకోవచ్చు, డిపాజిట్ వడ్డీతో చేసుకోలేరు. మరోవైపు, పాత పన్ను విధానంలో వయోవృద్ధులకు డిపాజిట్ వడ్డీ మీద ఉన్న 50 వేల మినహాయింపు ఈటీఎఫ్ లాభానికి వర్తించదు.

ఇక డిపాజిట్ గౌరవం డిపాజిట్‌కు ఇవ్వాలి. 2022 నవంబరులో టీటీడీ విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం బ్యాంకుల్లో ఉన్న స్వామివారి డిపాజిట్లు 15,900 కోట్ల రూపాయలు దాటాయి. అంత పెద్ద నిధి కూడా మార్కెట్ ఊపు లేని చోటే కూర్చుంది. మన స్థాయిలో ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి నుంచి ఉంది. బాండ్ ఈటీఎఫ్‌కు అలాంటి బీమా లేదు. చిన్న మొత్తానికి, దగ్గరి అవసరానికి వైటీఎం అర శాతం ఎక్కువ కనిపించినంత మాత్రాన డిపాజిట్‌ను చెరపవలసిన పని లేదు.

బంగారుపాళ్యం వైపు తోతాపురి తోటలున్న ఒక రైతు కుటుంబం నన్ను ఇదే అడిగింది. కాయ జూన్, జులైలో గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది, డబ్బు విడతలుగా వస్తుంది. మళ్లీ ఎరువులకు, మందులకు, కూలీలకు ఏడాది లోపే కావాలి. పదేళ్ల గిల్ట్ కొనాలా అన్నారు. వద్దన్నాను. ఏడాదిలో రేటు అర శాతం పెరిగినా సగం వడ్డీ మింగేస్తుంది. ఆ డబ్బుకు నాలుగు నెలలకొకటి గడువు తీరే మూడు చిన్న డిపాజిట్లు చాలు. వాళ్ల అబ్బాయి ఇప్పుడు ఆరో తరగతి. ఇంజినీరింగ్ చేరడానికి ఆరేడేళ్లుంది. అందుకని తోట మీద మిగిలే దాంట్లో ఏటా పక్కన పెట్టగలిగే మొత్తాన్ని మాత్రం ఆ గడువుకు దగ్గరలో తీరే టార్గెట్ మెచ్యూరిటీ ఫండులో వేయమన్నాను. ఏటా వైటీఎం వేరుగా ఉంటుంది, గడువు మాత్రం ఒకటే.

దీర్ఘకాలిక గిల్ట్ ఈటీఎఫ్ ఎవరికీ పనికిరాదని నా ఉద్దేశం కాదు. పదేళ్ల పైన ముట్టుకోని పదవీ విరమణ నిధిలో, షేర్ల పక్కన సమతూకంగా ఉంచుకునేవారికి అది మంచి సరుకు. ఆర్థిక వ్యవస్థ మందగించి రిజర్వ్ బ్యాంకు రేట్లు తగ్గించేటప్పుడు, షేర్లు పడుతున్న సమయంలోనే ఇది పెరిగే అవకాశం ఉంటుంది. ప్రభుత్వ బాండును నేరుగా కొని గడువు దాకా ఉంచుకోవాలనుకుంటే రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో మొదలుపెట్టిన రిటైల్ డైరెక్ట్ ద్వారా పది వేల రూపాయల నుంచే వేలంలో పాల్గొనవచ్చు. ఆరు నెలలకోసారి వడ్డీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. పింఛను లేని వయసులో ఆ క్రమం ఈటీఎఫ్ ఇవ్వలేని నిబ్బరం.

బావగారు కిందటి నెల మళ్లీ వచ్చారు. చిన్నవాడి పెళ్లికి నాలుగేళ్లు ఆగుదామనుకుంటున్నారు. ఈసారి నోటుపుస్తకంలో నాలుగు ఈటీఎఫ్‌ల పేర్లు రాసుకొచ్చారు. ప్రతి పేరు ఎదురుగా గడువు తేదీ, డ్యూరేషన్, ఒకే నెలాఖరు నాటి వైటీఎం, ఖర్చు, వారం రోజుల పాటు ఎక్స్ఛేంజిలో జరిగిన వ్యాపారం ఉన్నాయి. గడిచిన ఏడాది రాబడికి గడి గీయలేదు. నాలుగింటిలో రెండింటి గడువు ఆయన అనుకున్న ముహూర్తం తర్వాత తీరుతుంది, వాటిని ఆయనే కొట్టేసి ఉన్నారు. మిగిలిన రెండింటిలో ఒకదానికి వైటీఎం కాస్త ఎక్కువ, రోజుకు వ్యాపారం రెండు మూడు వందల యూనిట్లకు మించడం లేదు. దాని ఇండెక్స్ ఫండు రూపం ఉందేమో చూద్దామని ఇద్దరం ఫ్యాక్ట్‌షీట్ తెరిచాం.